చుట్టుపక్కల ఏముందో ఎలా తెలుస్తుంది?

మైన్‌క్రాఫ్ట్ ఆటలో మడి దున్ని విత్తనం వేస్తే సరిపోదు, నేల తడవాలి కూడా. అలాగని ప్రతి మొక్క మొదట్లోకీ కాలవ తవ్వక్కర్లేదు. నాలుగు గళ్ళ దూరంలో ఎక్కడో ఒకచోట నీటి బ్లాకు ఉంటే చాలు, మట్టి రంగు ముదురుతుంది. ఆడినవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. కానీ దగ్గర్లో నీళ్ళున్నాయని ఆ మట్టి బ్లాకుకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అదే చూసుకుంటుంది. తన చుట్టూ 9 గళ్ళ పొడవు, 9 గళ్ళ వెడల్పు, తన మట్టంలో ఒక అంతస్తు, దాని పైన ఇంకో అంతస్తు, వెరసి 162 గళ్ళు. ఒక్కొక్కదాన్నీ "నువ్వు నీళ్ళా? పోనీ నువ్వు నీళ్ళా?" అని అడుగుతూ పోతుంది. దొరికిన చోట ఆగుతుంది.

నేను ఈ లెక్కల్లోకి దిగడానికి కారణం రాజాంలో ఎనిమిదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు. వాడికి సొంతంగా ఒక మాడ్ రాయాలన్న పిచ్చి పట్టింది. ఆటగాడికి దగ్గర్లో ఎక్కడైనా వజ్రాల రాయి ఉంటే గంట మోగాలి, అదీ వాడి ఊహ. (అది దొంగాట కాదా అంటారా? అది వేరే వాదన, ఇప్పుడొద్దు.) ఎక్కడో వీడియో చూసి మూడు లూపులు ఒకదాన్లో ఒకటి పెట్టి, ఆటగాడి నుంచి అన్ని దిక్కులా 32 గళ్ళ దాకా వెతికేలా రాశాడు. గంట మోగింది, కాకపోతే ఆట బిగుసుకుపోయింది. ఫోను చేసి వాడడిగిన ప్రశ్న ఇది: "మావయ్యా, ఇదేటి ఇలాగైపోతంది? మన కంప్యూటరు పాతదనా?"

కంప్యూటరు పాతదే లెండి. కానీ లెక్క చూడండి. అటు 32, ఇటు 32, మధ్యలో ఆటగాడు నిలబడ్డ గడి, అంటే ఒక్కో వైపు 65. మూడు దిక్కులా 65×65×65 అంటే 2,74,625 గళ్ళు. మైన్‌క్రాఫ్ట్ సెకనుకి 20 సార్లు టిక్కుమంటుంది, టిక్కుకీ టిక్కుకీ మధ్య 50 మిల్లీసెకన్లు. ప్రతి టిక్కుకీ వెతికితే సెకనుకి దాదాపు 55 లక్షల ప్రశ్నలు. ఆటగాడు ఒక్కడుంటేనే ఇది. కొత్త కంప్యూటరు కొన్నామే అనుకోండి, ఉత్సాహం కొద్దీ 32ని 64 చేస్తే పని దాదాపు ఎనిమిదింతలవుతుంది. పెట్టిన డబ్బులు ఒక్క అంకె మార్పుకే హరీ.

వాడికి జవాబు చెప్పడం తేలికే, చెప్పాను కూడా. తరవాత నాకే ఒక దురద పట్టుకుంది. ఈ "చుట్టుపక్కల ఏముంది" అన్న ప్రశ్నని మొట్టమొదట కంప్యూటరు మీద ఎవరు అడిగి ఉంటారు? వెనక్కి వెనక్కి వెళితే ఒక మలుపులో హైదరాబాదులో పుట్టిన మనిషి ఎదురయ్యాడు. ఆయన పేరు మన సాఫ్టువేరు జనంలో నేనడిగిన ఎవరికీ తెలియకపోవడం మింగుడుపడలేదు. అందుకే ఈ టపా.

ముందు గళ్ళ సంగతి. 1940ల చివర్లో లాస్ అలమోస్ లో అణుబాంబు పనుల చుట్టూ తిరిగిన ఇద్దరు గణితవేత్తలు స్టానిస్లా ఉలామ్, జాన్ వాన్ నాయ్‌మన్. తనని తాను తయారుచేసుకునే యంత్రం సాధ్యమా అని వాన్ నాయ్‌మన్ బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, లోకాన్ని గళ్ళ కాగితం అనుకో, ఒక్కో గడీ తన పొరుగు గళ్ళని మాత్రమే చూసి తరవాత ఏం కావాలో తేల్చుకుంటుంది అనుకో, అని సలహా ఇచ్చింది ఉలామ్. వాన్ నాయ్‌మన్ పొరుగు అంటే నాలుగు గళ్ళు: తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. తరవాత ఎడ్వర్డ్ మూర్ మూలల్ని కూడా కలిపి ఎనిమిది చేశాడు. అదే మూడు కొలతల్లోకి వస్తే నాలుగు కాస్తా ఆరు, ఎనిమిది కాస్తా ఇరవై ఆరు అవుతాయి. మైన్‌క్రాఫ్ట్ మాడ్ రాసే పిల్లలు ఈ రోజుకీ తేల్చుకోవాల్సిన మొదటి విషయం ఇదే, పొరుగు అంటే ఆరా, ఇరవై ఆరా అని. 1970 అక్టోబరులో మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో జాన్ కాన్వే కనిపెట్టిన లైఫ్ ఆటని పరిచయం చేశాక గళ్ళ లోకం పిచ్చి ప్రపంచమంతా పాకింది. మనలో చాలామంది కాలేజీలో సరదాకి రాసిన మొదటి ప్రోగ్రాముల్లో అదొకటి.

ఈ గళ్ళ లోకంలో ఒక సుఖం ఉంది. పొరుగువాడి చిరునామా ముందే తెలుసు. నా నంబరుకి ఒకటి కలిపితే కుడి పక్కింటివాడు, ఒకటి తీసేస్తే ఎడమ పక్కింటివాడు. ఒక్కో ప్రశ్న చవక, ప్రశ్నల సంఖ్యే ఖరీదు.

ప్రకృతిలో అలా కాదు. ద్రవంలో ఉన్న పరమాణువులు గళ్ళలో కూర్చోవు, ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి. ఎవడు ఎవడి పక్కనున్నాడో తెలియాలంటే అందరి దూరాలూ కొలవాలి. మన హైదరాబాదీ కథలోకి వచ్చేది ఇక్కడ.

అనీసుర్ రహ్మాన్. 1927 ఆగస్టు 24న హైదరాబాదులో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివాడు, బెల్జియంలో లూవాన్ విశ్వవిద్యాలయం నుంచి సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకున్నాడు. 1960లో అమెరికాలో షికాగో దగ్గరున్న ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఆయన పట్టుకున్న సమస్య ద్రవ ఆర్గాన్. (ఆర్గోన్ లో ఆర్గాన్ అన్నది కేవలం కాకతాళీయం, ప్రయోగశాల పేరు ఫ్రాన్సులో ఒక అడవిది.)

ఎందుకు ద్రవం? ఘనపదార్థంలో పరమాణువులు బుద్ధిగా వరసల్లో ఉంటాయి కాబట్టి కాగితం మీద లెక్కకు లొంగుతాయి. వాయువులో ఒకదానికొకటి దూరంగా ఉంటాయి కాబట్టి అవీ లొంగుతాయి. ద్రవం రెంటికీ చెడింది, ఒత్తుగానూ ఉంటుంది, వరసా ఉండదు. ఏ పరమాణువు ఎటు పోతుందో దాని చుట్టూ ఉన్నవాళ్ళ మీద ఆధారపడి ఉంటుంది, ఆ చుట్టూ ఉన్నవాళ్ళేమో క్షణక్షణం మారిపోతుంటారు. బస్సు కదులుతుంటే ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాడి పరిస్థితి.

రహ్మాన్ చేసిన పని చెప్పుకోడానికి చిన్నదే. 864 ఆర్గాన్ పరమాణువుల్ని ఒక ఘనపు పెట్టెలో పెట్టాడు. కుడి గోడలోంచి బయటికి పోయినవాడు ఎడమ గోడలోంచి లోపలికి వస్తాడు, మన పాత నోకియా ఫోనులో గోడల్లేని లెవెల్లో పాములాగ. ఒక్కో పరమాణువు మీద దాని పొరుగువాళ్ళ వల్ల ఎంత బలం పడుతోందో లెక్కగట్టడం, దాన్ని ఒక సెకనులో వంద లక్షల కోట్ల వంతు ముందుకి జరపడం, మళ్ళీ మొదటినుంచీ లెక్కగట్టడం. దీన్ని సీడీసీ 3600 అన్న కంప్యూటరు మీద నడిపాడు. "ద్రవ ఆర్గాన్ లో పరమాణువుల కదలికల మధ్య సంబంధాలు" అన్న అర్థం వచ్చే పేరుతో 1964లో ఫిజికల్ రివ్యూలో పేపరు వచ్చింది. వాస్తవమైన ఆకర్షణ వికర్షణలతో ఒక ద్రవాన్ని కంప్యూటరులో పుట్టించడం అదే మొదలు. వచ్చిన అంకెలు ప్రయోగశాలలో కొలిచిన అంకెలకి దగ్గరగా ఉన్నాయి.

ఇక మన ప్రశ్న. 864 మందిలో ఎవరికెవరు పొరుగో తెలియాలంటే ఎన్ని జతల్ని చూడాలి? 864ని 863తో గుణించి రెండుతో భాగించండి: 3,72,816. ఒక్క అడుగుకే. అలాంటి అడుగులు వందలు, వేలు. రహ్మాన్ ఇక్కడ ఒక హద్దు గీశాడు. పరమాణువు వ్యాసానికి రెండింతలకు కాస్త మించిన దూరం దాటితే ఆ లాగుడు లెక్కలోకి తీసుకోదగ్గది కాదు, వదిలేయ్. అంటే ఒక్కో పరమాణువుకీ లెక్కలోకొచ్చే పొరుగువాళ్ళు కొన్ని పదులు మాత్రమే. మా మేనల్లుడి 32 గళ్ళకి ముత్తాత ఈ హద్దు. వాడు 32 అన్నది మనసుకి తోచి పెట్టాడు, రహ్మాన్ తన హద్దుని బలం ఎక్కడ సన్నబడుతోందో చూసి పెట్టాడు.

అయితే హద్దు పెట్టినంత మాత్రాన వెతుకులాట తగ్గదు. హద్దులో ఎవరున్నారో తెలియాలంటే మళ్ళీ అందర్నీ చూడాల్సిందేగా! ఆ ముడి విప్పింది మూడేళ్ళ తరవాత, 1967లో, ఫ్రెంచి శాస్త్రవేత్త లూప్ వెర్లే. ఆయనా అదే 864 ఆర్గాన్ పరమాణువులు తీసుకున్నాడు. ఆయన ఉపాయం వింటే "ఇంతేనా" అనిపిస్తుంది. హద్దు కన్నా కాస్త పెద్ద వలయం గీసి, అందులో ఉన్నవాళ్ళందరి పేర్లూ ఒక చిట్టాలో రాసిపెట్టుకో. కొన్ని అడుగులదాకా ఆ చిట్టాలో వాళ్ళని మాత్రమే చూడు. వలయం వెడల్పు దాటి ఎవడూ లోపలికి దూరేలోగా చిట్టా మళ్ళీ రాసుకో. అంతే. భౌతికశాస్త్రంలో దీన్ని నేటికీ వెర్లే చిట్టా అనే అంటారు.

వజ్రాల గంటకి ఇదే పెట్టి చూడండి. 32 బదులు 40 గళ్ళ దాకా ఒకసారి వెతికి దొరికిన వజ్రాల చిరునామాలు రాసుకుంటే, ఆటగాడు 8 గళ్ళు నడిచేదాకా మళ్ళీ వెతకనక్కర్లేదు, రాసుకున్న నాలుగైదు చిరునామాలకి దూరం కొలిస్తే చాలు. ఒక వెతుకులాట 81×81×81, అంటే 5,31,441 గళ్ళు. పెద్దగానే ఉంది. కానీ మైన్‌క్రాఫ్ట్ లో మామూలు నడకకి 8 గళ్ళు దాటడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో పాత పద్ధతికి కోటి ప్రశ్నలయ్యేవి. ఇరవయ్యో వంతుకి దిగింది పని. నిలబడి ఉంటే సున్నా. ఇదంతా 1967 నాటి పేపరులో ఉన్న విషయం, దాన్ని ఆర్గాన్ కోసం రాశారు.

అన్నట్టు, వెర్లే పేరు గేమ్ ప్రోగ్రామర్లకి ఇంకో రకంగా తెలుసు. అదే పేపరులో పరమాణువుల్ని ముందుకి జరపడానికి వాడిన సూత్రాన్ని, హిట్‌మాన్ ఆటలో గుడ్డలు, కుప్పకూలే శరీరాలు కదిలించడానికి టోమస్ యాకబ్‌సన్ వాడుకుని 2001లో గేమ్ డెవలపర్ల సభలో వివరించాడు. ఆర్గాన్ పరమాణువులు ఎక్కడ, హంతకుడి కోటు ఎక్కడ!

1973లో క్వాంత్రెక్, బ్రో అనే ఇద్దరు ఇంకో మెట్టు ఎక్కారు. వాళ్ళ పేపరు పేరే "పొరుగువాళ్ళని వెతకడానికి కొత్త పద్ధతి" అన్న అర్థంలో ఉంటుంది. గళ్ళు లేని లోకం మీద మనమే గళ్ళు గీద్దాం అన్నారు. పెట్టెని చిన్న చిన్న ఘనాలుగా కోసి ఏ పరమాణువు ఏ ఘనంలో ఉందో రాసుకుంటే, పొరుగు కావాలన్నప్పుడు నా ఘనాన్నీ దాని చుట్టూ ఉన్నవాటినీ అడిగితే చాలు. ఘనం భుజం మన హద్దంత ఉంటే మొత్తం 27 ఘనాలు చూడాలి. ఇక్కడొక చిత్రం ఉంది. రహ్మాన్ 864 పరమాణువులకి ఈ పద్ధతి పెట్టినా పెద్ద ఉపయోగం లేదు. ఆ పెట్టెలో ఒక్కో వైపు నాలుగే ఘనాలు పడతాయి, అంటే 64లో 27 ఎలాగూ చూడాల్సిందే. జనం పెరిగే కొద్దీ దీని విలువ పెరుగుతుంది. మన ప్రాజెక్టుల్లో నలభై వరసలున్న టేబులుకి ఇండెక్సులు పెట్టి మురిసిపోయేవాళ్ళు గుర్తుకొచ్చారు నాకు :)

ఈ పద్ధతిలో ఒక గుంట ఉంది, అందులో పడనివాడు లేడు. నా గడిని మాత్రమే వెతికితే చాలనుకోవడం. రాజాం వాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. మా ఊరు 2022 దాకా శ్రీకాకుళం జిల్లా. మాకు శ్రీకాకుళం కన్నా చీపురుపల్లి దగ్గర, కానీ 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాక చీపురుపల్లి ఆ జిల్లాలోకి పోయింది. "శ్రీకాకుళం జిల్లాలో రాజాంకి దగ్గరున్న రైల్వే స్టేషను" అని వెతికితే పక్కనున్న చీపురుపల్లి రాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల గీతలు మళ్ళీ గీశారు. రాజాం విజయనగరంలోకి వచ్చింది, పొందూరు శ్రీకాకుళంలో ఉండిపోయింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. మూడు వైపులా మూడు ఊళ్ళు, మూడు జిల్లాలు! ఊళ్ళు ఒక్క అంగుళం కదల్లేదు, చిరునామాలు మారాయంతే. నా గడితో పాటు చుట్టూ ఉన్న గళ్ళన్నీ చూడాలి అని 1973లో వాళ్ళు అన్నది ఇందుకే. గీతకి దగ్గరగా ఉన్నవాడికి అసలు చుట్టాలు గీత అవతలే ఉంటారు.

మధ్యలో జరిగినవి గబగబా చెప్పేస్తాను. 1966లో కెనడాలో ఐబీఎంలో పనిచేసిన మోర్టన్, పటం మీద పక్కపక్కన ఉన్నవి వీలైనంతవరకు ఫైలులో కూడా పక్కపక్కనే పడేలా నంబర్లు వేసే పద్ధతి రాశాడు. 1973లో డొనాల్డ్ నూత్ తన పుస్తకం మూడో సంపుటంలో "దగ్గరి పోస్టాఫీసు ఏది" అన్న సమస్యకి పేరు పెట్టాడు. 1974లో ఫింకెల్, బెంట్లీ చతుర్వృక్షాన్ని తెచ్చారు. ఈ రోజు మీ ఫోనులో దగ్గర్లో టిఫిను సెంటరు ఏదని అడిగితే జవాబు చెప్పే సరుకు ఈ ఇంటి బిడ్డలే.

ఇప్పుడు ఆటల్లోకి రండి. 2009లో జాక్ బార్త్ ఇన్ఫినీమైనర్ అనే బ్లాకుల ఆట విడుదల చేశాడు. దాని కోడుని కప్పి ఉంచకపోవడంతో జనం విప్పేసి మోసపు వెర్షన్లు తయారుచేశారు. అదే ఏడాది మే 17న, ఆ ఆటే ప్రేరణగా, స్వీడన్ కి చెందిన మార్కస్ పెర్సన్ మైన్‌క్రాఫ్ట్ తొలి రూపాన్ని బయటపెట్టాడు. దీని లోకం పొడవూ వెడల్పూ 16 గళ్ళున్న స్తంభాలుగా, అంటే చంకులుగా కోసి ఉంటుంది. 2012 నుంచి ఒక్కో స్తంభం మళ్ళీ 16 గళ్ళ ఎత్తున ఘనాలుగా తెగింది. 1973 నాటి ఘనాలు ఇక్కడ ముందే కోసి ఉన్నాయి, వాడుకునేవాళ్ళే తక్కువ. ఈ ఘనాలు ఒక్కోటీ తనలో ఏయే రకాల బ్లాకులున్నాయో ఒక చిన్న చిట్టా దగ్గర పెట్టుకుంటుంది. ఆ చిట్టాలో వజ్రం లేదంటే ఆ ఘనంలో ఉన్న 4,096 గళ్ళనీ వదిలేయొచ్చు. (ఉందంటే మాత్రం కచ్చితంగా ఉన్నట్టు కాదు, నిన్న తవ్వేసిన వజ్రం పేరు ఇంకా చిట్టాలో ఉండొచ్చు.) 32 గళ్ళ వెతుకులాట, ఆటగాడు ఎక్కడ నిలబడినా, ఒక్కో వైపు సరిగ్గా 5 ఘనాల్లోకి వస్తుంది. అంటే 125 చిట్టాలు. 2,74,625 ప్రశ్నల ముందు 125 ప్రశ్నలు!

ఘనం నంబరు కనుక్కోడానికి 16తో భాగించేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. సున్నాకి ఎడమవైపు ఉన్న గళ్ళ నంబర్లు రుణాత్మకం. జావాలో మైనస్ 1ని 16తో మామూలుగా భాగిస్తే సున్నా వస్తుంది, అంటే సరిహద్దుకి అవతలున్నవాడు ఇవతలి జిల్లాలో లెక్కకొస్తాడు. నాలుగు బిట్లు కుడికి జరిపితే మైనస్ 1 వస్తుంది, అదీ సరైనది. ఆటలో సగం లోకం బాగానే పనిచేసి తక్కిన సగంలో పక్క గడి చూపించే మాడ్లు చూస్తే, చాలావాటిలో ఉన్న పురుగు ఇదే.

ఇంకా లోతైన ప్రశ్న వేరే ఉంది. అసలు వెతకడం ఎందుకు? మారినప్పుడు వాడే చెప్పొచ్చు కదా? మన భాషలో పోలింగా, ఈవెంటా. ఇది కూడా కొత్త గొడవ కాదు. రహ్మాన్ కన్నా ముందే, 1957 నుంచి 1959 దాకా, బెర్నీ ఆల్డర్, థామస్ వెయిన్‌రైట్ లివర్‌మోర్ లో గోళీల్లాంటి గట్టి పరమాణువులతో సిమ్యులేషన్ చేశారు. వాళ్ళు క్షణక్షణం అడగలేదు. ఏ రెండు గోళీలు ముందుగా గుద్దుకుంటాయో లెక్కగట్టి, తిన్నగా ఆ క్షణానికి దూకేవారు. గుద్దుకోవడం అన్నదే ఈవెంటు. గోళీలకి అది కుదిరింది. కానీ నిజమైన ఆర్గాన్ లో లాగుడు ఎప్పుడూ ఉంటుంది, ఫలానా క్షణంలో జరిగిందని చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకే రహ్మాన్ అడుగడుగునా అడగాల్సి వచ్చింది. పోలింగు అంటే నామోషీ అనుకునేవాళ్ళు ఇది గమనించాలి. మారేది ఎప్పుడూ మారుతూనే ఉంటే అడగడమే దారి. అప్పుడప్పుడూ మారేదైతే కబురు చేయించుకోవాలి. రాళ్ళు తమంతట తాము కదలవు, ఎవరైనా తవ్వితేనో పెడితేనో మారతాయి, ఆ కబురు ఆటే అందిస్తుంది. కదిలేవాడు ఆటగాడు, వాడు కూడా గడి దాటినప్పుడే లెక్క. ఒక గడి తూర్పుకి జరిగితే కొత్తగా చూపులోకి వచ్చేది ఒక్క పలక, 65×65, 4,225 గళ్ళు.

కబురు అందకపోతే ఏమవుతుందో మా రాజాంలో ఎవర్నడిగినా చెబుతారు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు సేనలు బొబ్బిలి కోట మీద పడ్డాయి. మా వైపు చెప్పుకునే కథలో తాండ్ర పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడు. మధ్య దూరం ఓ ముప్ఫై, ముప్ఫై అయిదు కిలోమీటర్లు, గుర్రానికి ఒక పూట. సాయం రమ్మన్న కబురు సమయానికి చేరలేదు, ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. పొరుగున ఉండటం వేరు, పొరుగున ఏం జరుగుతోందో తెలియటం వేరు.

తిరిగి రహ్మాన్ దగ్గరికి. ఆర్గాన్ తరవాత 1971లో ఫ్రాంక్ స్టిలింజర్ తో కలిసి నీటిని పట్టుకున్నాడు, 216 అణువులతో. 1980లో మిషెల్ పారినెల్లోతో కలిసి పెట్టె ఆకారం కూడా మారనిచ్చే పద్ధతి రాశాడు. ఇప్పుడు ప్రోటీన్ల కదలికలూ మందులూ కంప్యూటరులో పరీక్షించేవాళ్ళు రోజూ వాడే పరికరాల మీద ఆ పేర్లున్నాయి. 1985లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు, రెండేళ్ళకే, 1987లో పోయాడు. 1993 నుంచి అమెరికన్ ఫిజికల్ సొసైటీ కంప్యూటర్ల మీద చేసే భౌతికశాస్త్రానికి ఇచ్చే బహుమతి ఆయన పేరు మీదే ఇస్తోంది.

2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్టు సీఈఓ అయినప్పుడు మన ఆఫీసుల్లో కేకులు కోశారు, మావాడే మావాడే అన్నారు. అదే సెప్టెంబరులో ఆయన హయాంలోనే మైక్రోసాఫ్టు 250 కోట్ల డాలర్లకి మైన్‌క్రాఫ్ట్ ని కొంది. నాకూ సంతోషమే, కాదనను. కానీ అదే హైదరాబాదులో పుట్టి, ఒక ద్రవాన్ని కంప్యూటరులో పోసి చూపించిన మనిషికి ఒక్క ఫ్లెక్సీ అయినా కట్టామా? కొన్నవాడి పేరు తెలుసు, లెక్క చేసినవాడి పేరు తెలీదు. నేను చదివిన కాలేజీలో మూడు లూపులంటే మాట్రిక్సుల గుణకారం, ల్యాబు రికార్డు, పది మార్కులు. ఆ మూడు లూపులతో ఒకాయన ద్రవం గుట్టు విప్పాడని, ఆయన మన ఊరివాడని నాలుగేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పుంటే సిలబసేమీ ఆలస్యమయ్యేది కాదు, రెండు నిమిషాల పని.

మా మేనల్లుడి లాంటి పిల్లలకి మూడు లూపులు రికార్డులో కాదు, ఆటలో ఎదురవుతున్నాయి, అది నయం. అయితే అక్కడా చాలాకాలం గోడ ఉంది. మైన్‌క్రాఫ్ట్ జావా కోడులో పేర్లన్నీ ఒంటి అక్షరాలుగా చెరిపేసి ఇచ్చేవారు. గడిలో ఏముందో చెప్పే ఫంక్షను ఏదో కనుక్కోడమే ఒక తపస్సు. 2010 నుంచి కొందరు ఔత్సాహికులు కూర్చుని, ఒక్కో అక్షరం వెనక అసలు పని ఏమిటో ఊహించి పేర్లు పెట్టుకుంటూ వచ్చారు. మాడ్ల లోకమంతా ఆ ఊహల మీద నిలబడింది. 2019లో కంపెనీయే అసలు పేర్ల పట్టిక బయటపెట్టింది. 2025 అక్టోబరులో ఈ ముసుగు పూర్తిగా తీసేస్తామని ప్రకటించింది. పదహారేళ్ళు పట్టింది.

ముసుగే లేని ఆట ఒకటి మొదటినుంచీ ఉంది. 2010లో ఫిన్లాండుకి చెందిన పెర్టూ అహోలా మొదలుపెట్టిన మైన్‌టెస్ట్, 2024లో లువాంటి అని పేరు మార్చుకుంది. ఉచితం, కోడంతా తెరిచి ఉంటుంది, పాత కంప్యూటరు మీద కూడా నడుస్తుంది, మాడ్లు లువా భాషలో రాసుకోవచ్చు. అందులో ఫలానా రకం బ్లాకు దగ్గర్లో ఉందా అని అడగడానికి ఒకే ఒక్క ఫంక్షను పిలుపు సరిపోతుంది, లూపులు లోపల సీ ప్లస్ ప్లస్ లో తిరుగుతాయి. దానికన్నా నాకు నచ్చింది ఇంకోటుంది. బ్లాకు పేరు, దాని పక్కన ఏముండాలి, ఎన్ని సెకన్లకోసారి చూడాలి, ఎన్నిట్లో ఒకసారి జరగాలి, ఈ నాలుగూ రాసిచ్చేస్తే మిగతా చాకిరీ ఇంజనే చేసుకుంటుంది. మా వాడికి దాన్నే ఇన్‌స్టాల్ చేసుకోమన్నాను. ఇప్పుడు వాడి మాడ్ లో లూపు అన్న మాటే లేదు.